ఫ్రేము బయట మిగిలిన చెయ్యి

మా పక్కింటాయన తన మోటార్ సైకిల్‌కు ఎండ తగలకుండా ఒక పాత ఫ్లెక్సీ కప్పుతాడు. కప్పుకోవచ్చు, బండి ఆయనది. నా బాధల్లా ఆ ఫ్లెక్సీ మీద దండం పెడుతున్న ఎవరో నాయకుడు తలకిందులుగా, సరిగ్గా నా కిటికీలోకి చూస్తుండటమే. ఎన్నికలు అయిపోయినా ఆయన దండం దించలేదు. గాలి వీచినప్పుడల్లా టపటపా కొట్టుకుంటాడు. నాగర్‌కర్నూల్ ఎండకు కాగి, మధ్యాహ్నానికి ఆ ఫ్లెక్సీ నుంచి ఒక వాసన మొదలవుతుంది, ప్లాస్టిక్ చెప్పులు పొయ్యి పక్కన పెట్టినట్టు. ఆ వాసన తగిలిందంటే అన్నం ముందు కూర్చున్నా సరే, నాకు కుర్మయ్యన్న గుర్తొస్తాడు.

కుర్మయ్యన్నకు వనపర్తిలో ఫోటో స్టూడియో ఉండేది. నేను అర్థశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసి, దేశ ఆర్థిక వ్యవస్థకు నాతో తక్షణ అవసరమేమీ లేదని తెలుసుకున్నాక, ఆయన దగ్గర కంప్యూటర్ మీద ఫోటోలు సరిచేసే పనికి కుదిరాను. ఆయన నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏం డిగ్రీ" అనేవాడు. "డిగ్రీ, పెండ్లికొడుకును జర తెల్లగ చెయ్యి. మరీ చెయ్యకు, అత్తగారోళ్లు గుర్తువట్టాలె." ఫోటో గురించి నాకు తెలిసినదంతా ఆయన చెప్పిందే. పెళ్లిలో ఎవరు ఎవరి పక్కన నిలబడలేదో చూడమనేవాడు. ఏడుస్తున్నవాళ్లను తీయవద్దనేవాడు, వాళ్లు తర్వాత ఆల్బమ్ కొనరు గనుక. ఆ చెప్పిన కారణం అబద్ధమని, అసలు కారణం సిగ్గు అని నాకు చాలా కాలానికి అర్థమైంది.

ఆయనకు రెండు నియమాలుండేవి. ప్రతి ఫోటో మూలన 'కుర్మయ్య ఫోటోస్' అని పేరు వేయాలి. పేరు ఉంటే ఫోటో తనది, లేకుంటే లోకానిది అని ఆయన గట్టి నమ్మకం. పాస్‌పోర్టు ఫోటోల మీద వేస్తే ఆఫీసుల్లో ఒప్పుకోరని తెలిసి నొచ్చుకునేవాడు. రెండోది, దారిలో ఎవరి ఫోటో తీసినా మొదటి కాపీ ఆ మనిషికే ఇవ్వాలి. వాళ్లకు ఇచ్చేదాకా ఇంకెవరికీ చూపకూడదు. లగ్గాలు లేని రోజుల్లో కెమెరా మెడలో వేసుకుని నా బండెక్కేవాడు. అమ్రాబాద్ దాకా పోయి ఒక్క కాపీ ఇచ్చి, గ్లాసుడు మజ్జిగ తాగి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. నా డిగ్రీ ప్రకారం అది వ్యాపారం కాదు.

ఒకసారి బీచుపల్లి మెట్ల మీద ఒక ముసలామె తడి జుట్టుతో కృష్ణా నదిని చూస్తూ కూర్చుంది. పేరు ఈదమ్మ. పై మెట్టు మీద ఆమె కూతురు నాగమణి కూర్చుని, తల్లి జుట్టు చిక్కు తీస్తోంది.

"అవ్వా, ఒక ఫోటో తీస్తనే" అన్నాడు కుర్మయ్యన్న.

"నా ఫోటో ఏం జేస్కుంటవ్ కొడుకా? చేన్ల గట్టి పిట్టలను బెదిరిస్తవా?"

"తీయి సార్. గని మాకొకటి ఇయ్యాలె" అంది నాగమణి, దువ్వెన ఆపకుండా.

తీశాడు. ఫోటోలో ఈదమ్మ, నీళ్లు, పైనుంచి వచ్చిన నాగమణి చెయ్యి, దువ్వెన. కూతురు అంతమటుకే పడింది. ఆ వారంలోనే వాళ్ల ఊరు వెతుక్కుంటూ పోయి కాపీ ఇచ్చాం. ఈదమ్మ చాలాసేపు చూసి, "మంచిగనే ఉన్న గద" అంది, ఇన్నాళ్లూ తనకెవరో తప్పు చెప్పినట్టు.

తర్వాత ఒక పెద్ద సంస్థ పెట్టిన ఫోటోల పోటీ గురించి ఆయన ఫోన్లో చూశాడు. నిబంధనలు ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పాను.

"అన్నా, మనం పంపిన ఫోటోను వాళ్లు ఎక్కడన్న, ఎప్పుడన్న వాడుకుంటరంట. వేరేటోళ్లకు గూడ ఇస్తరంట. మల్ల మనల్ని అడగరంట."

"గెల్చినోళ్లయి అయ్యుంటయ్ తీ."

"కాదన్నా, ఓడినోళ్లయి గూడ."

"మంచిదే గద. ఓడినోనికి గూడ ఇజ్జత్ ఇస్తుండ్రు" అన్నాడు. మళ్లీ తనే, "ఇన్నేండ్లు మంది పెండ్లిళ్లు తీసిన డిగ్రీ. ఒక్కపారన్న ఎక్కడన్న గోడకు నా ఫోటో పెట్టి, కింద నా పేరు రాయాలె" అన్నాడు. నేను దరఖాస్తు తెరిచాను.

ఫోటో మీద పేరు ఉండకూడదని కూడా నిబంధన. పంపడానికి ఈదమ్మ ఫోటో తీసుకుని, మూలనున్న పేరు తీసేస్తూ, బజార్ల అంగి విప్పినట్టుందన్నాడు. తర్వాత నాగమణి చెయ్యి సంగతికి వచ్చాడు.

"గీ చెయ్యి అడ్డమొస్తుంది. గిది లేకుంటే ముసలవ్వ ఒక్కతే, నీళ్లు ఒక్కటే. గుండె పట్టుకుంటది."

"చెయ్యి ఉంటేనే మంచిగుందన్నా."

"నీది లెక్కల డిగ్రీ. ఫోటోల డిగ్రీ గాదు."

తనే కత్తిరించాడు. 'అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టి, పంపాడు. బహుమతి రాలేదు. పాల్గొన్నందుకు అభినందనలు వచ్చాయి. వాటిని ఫ్రేము కట్టించమంటారా అని అడిగితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఎండాకాలం నాగమణి స్టూడియోకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తెరిచి ముందు పెట్టింది. గద్వాల పోయే దారిలో పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఈదమ్మ, కృష్ణ నీళ్లు. పక్కన ఇంత లావు అక్షరాలు: 'కన్నబిడ్డలు వదిలేసిన తల్లి. మీరైనా ఆదుకోరా?' కింద విరాళాలు అడిగే ఏదో ఆశ్రమం పేరు.

"ఊర్ల తలెత్తనిస్తలేరు సార్" అంది. "కలుపుకు పోతే పక్క సాల్ల ఆడోళ్లు, అమ్మనెప్పుడు ఎల్లగొట్టినవే అని నగుతుండ్రు. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి, నా బిడ్డ మంచిదే, నన్ను మంచిగనే చూస్తది అని చెప్తుంది. ఆమె చెప్పినకొద్దీ, పాపం బిడ్డకు భయపడి చెప్తుంది అనుకుంటుండ్రు."

కుర్మయ్యన్న పోటీ పెట్టిన సంస్థకు ఫోన్ చేశాడు. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "మీరు అంగీకరించారు కదా సర్" అంది.

"ఫోటోకు ఒప్పుకున్న తల్లీ. ఆ రాతకు ఒప్పుకోలే."

"రాత మాది కాదు సర్. మేం ఫోటో ఇచ్చామంతే."

ఆశ్రమంవాళ్లు మరింత మర్యాదస్తులు. అది ప్రతీకాత్మక చిత్రమనీ, ఎవరినీ ఉద్దేశించింది కాదనీ చెప్పారు. ఈదమ్మ ఫోటో ఈదమ్మను ఉద్దేశించింది కాదన్నమాట. అడగాల్సినవాళ్లందరినీ అడగడం అయిపోయాక ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

చివరికి ఆయనే ఒక ఫ్లెక్సీ కొట్టించాడు. కత్తిరించని ఫోటో, చెయ్యీ దువ్వెనా కనబడేలా. 'ఈదమ్మ, ఆమె బిడ్డ చెయ్యి' అని రాయించాడు. ఇంకా వేడి ఆరని ఆ చుట్టను ఒళ్లో పెట్టుకుని బండి మీద నా వెనక కూర్చున్నాడు. దారి పొడవునా అదే వాసన. వాళ్ల ఊరి బస్సు ఆగే చోట కట్టాం. జనం పోగయ్యారు. ఒకాయన దగ్గరికొచ్చి, మూలన ఉన్నది కూడబలుక్కుని చదివాడు. అలవాటు చొప్పున పేరు పడింది.

"కుర్మయ్య ఫోటోస్. ఓహో, గద్వాల తొవ్వల ఉన్నదీ ఈనదే, ఇదీ ఈనదేనా? అప్పుడు ఎల్లగొట్టిచ్చిండు, ఇప్పుడు ఒక్కటి జేస్తుండు!"

అందరూ నవ్వారు. కుర్మయ్యన్న కూడా నవ్వబోయాడు, కుదరలేదు. వారం తిరక్కుండానే మబ్బు పడితే ఎవరో ఆ ఫ్లెక్సీ విప్పి పల్లీల కుప్ప మీద కప్పారట. ముఖం, చెయ్యి లోపలికి.

ఆ తర్వాత ఆయన దారిలో ఎవరి ఫోటో తీయలేదు. పాస్‌పోర్టు ఫోటోలు మాత్రం తీసేవాడు. కెమెరా తుడిచి లోపల పెట్టేవాడు. బయటికి పోదామన్నా అని నేనంటే, ఎండగుంది అనేవాడు, వానాకాలంలో కూడా. ఒక పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతూ కూలిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైందన్నారు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో నాకూ ఒక చిన్న స్టూడియో ఉంది. నేను అంచుల్లో ఉన్న మనుషులను కత్తిరించను. అందుకే నా పెళ్లి ఆల్బముల్లో ఎవరివో మోచేతులు, ఎవరివో సగం భుజాలు ఎక్కువని అంటుంటారు. ఉండనీ అంటాను. ఫోటో పంపమని ఎవరైనా అడిగితే, అందులో ఎవరెవరున్నారో వరుసగా చూస్తూ కూర్చుంటాను. అంతసేపట్లో అడిగినవాళ్లు వేరే స్టూడియో వెతుక్కుంటారు.

మొన్న నాగమణి వచ్చింది. ఏదో ఆఫీసు పనికి పాస్‌పోర్టు ఫోటోలు కావాలంది. ఈదమ్మ పోయిందట, చివరిదాకా ఇల్లిల్లూ తిరిగి చెప్తూనే ఉందట. ఫోటో తీసి, కాపీలు వచ్చేలోపు ఆమెకు కుర్మయ్యన్న సంగతులు చెప్పాను. ఎంత బాధపడ్డాడో, కెమెరా ఎలా పక్కన పెట్టాడో, తనకెంత అన్యాయం జరిగిందని కుమిలిపోయాడో. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంతా విన్నది.

"మంచోడే సార్, కాదంటలేను" అంది. "తీసేటప్పుడైతే అడిగిండు. పంపేటప్పుడు అడగలే."