ఎదురు దుకాణం ఎండ

ఉస్మాన్‌గంజ్‌లో మా పక్క దుకాణం ప్రహ్లాద్ సేటుది. పసుపు, మిర్చి టోకు వ్యాపారం. ఆయనకు ఎండంటే పగ. ఎండ తగిలితే పసుపు రంగు దిగిపోతుందని నలభై ఏళ్లుగా దుకాణం ముందు టార్పాలిన్ కట్టుకుని బతికాడు. పొద్దున ఆ చీకట్లో దూరితే చీకటి పడ్డాకే బయటికి వచ్చేవాడు. పసుపు రంగు నిలిచింది గానీ మనిషే పాలిపోయాడు. ఆ మాట ఆయన ముఖాన అనే ధైర్యం నాకు లేదు, అంత కోపిష్టి.

గంజ్‌లో సేటంటే గద్దె మీద కూర్చునేవాడు. గద్దె అంటే నేలమీద పరిచిన తెల్లటి పరుపు. నిరుడు ఆ పరుపు మీంచి లేవడం ఆయన వల్ల కాలేదు. తొడల్లో సత్తువ లేదు, నడుము ఒకటే సలుపు. ఇద్దరు హమాలీలు చెరో రెక్క పట్టి బస్తాను లేపినట్టు లేపుతుంటే, బేరానికి వచ్చినవాళ్లు మిర్చి వదిలేసి ఆయన్నే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. ఇలాగే సాగితే గద్దె కొడుక్కి అప్పగించి ఇంట్లో పడి ఉండాల్సిందే.

భార్య సావిత్రి తిట్టి తిట్టి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అక్కడ జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

"మీ ఎముకలు మెత్తబడ్డయి సేటు. ఎండ తగలక డి విటమిన్ లేదు," అన్నాడు డాక్టరు, రక్తపరీక్ష కాగితం చూసి.

"హైదరాబాద్‌ల ఎండ లేకపోవుడేంది సార్? సరిగ చూడుండ్రి, పెద్ద రోగమేదన్న ఉంటది. మా అమ్మకు తుంటి విరిగింది, గదేమో?"

"అది ఎముకలు గుల్లబారుడు. వయసు పైబడ్డంక, ముట్లు ఆగిన ఆడోళ్లకు ఎక్కువ."

"మా హమాలీలకు మెడ పట్టుకపోతది."

"బరువులు మోసి మోసి మెడపూసలు అరుగుతయి."

"మరి నా మోకాళ్లు?" సావిత్రి మధ్యలో దూరింది.

"కీళ్లు అరిగినయమ్మా. వయసు, జర బరువు గూడ."

ఆ ఆఖరి మాటతో ఆమెకు డాక్టరు మీద నమ్మకం పోయింది.

"సేటుకున్నది చిన్నపిల్లలకు వస్తే దొడ్డికాళ్లైతయి. మందులు రాస్తున్న, రోజు పదకొండింటికి అరగంట ఎండల కూసోండ్రి," అని పంపించాడాయన.

ఎక్కడ కూర్చోవాలి? కార్వాన్‌లోని ఇంటి మిద్దె మెట్లు ఎక్కలేడు. టార్పాలిన్ తీస్తే సరుకు పాడు. ఆ వేళకు మా సందులో ఎండ పడేది ఒక్కచోటే, ఎదురుగా చింతపండు అమ్మే రామ్‌చందర్ మెట్ల ముందు. పన్నెండేళ్ల కింద సేటు తన గోడకు కట్టిన టార్పాలిన్ తాడు కోసి పారేశాడు రామ్‌చందర్. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మూడు రోజులు సేటు గద్దె మీంచి ఆ ఎండను గుడ్లురిమి చూశాడు. నాలుగో రోజు హమాలీలు మళ్లీ రెక్కలు పట్టి లేపాక, సందు దాటాడు. గంజ్ మొత్తం తూకాలు ఆపి చూసింది.

"ఏం సేటు, తొవ్వ తప్పినవా?" అన్నాడు రామ్‌చందర్.

"డాక్టర్ ఎండల కూసోమన్నడు."

రామ్‌చందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. "కూసో భాయ్. కమీజు చేతులు మడువు, గట్ల కప్పుకుంటె ఏం తగుల్తది?"

మొదటిరోజు అంతకుమించి మాటల్లేవు. రెండో రోజు తాడు గురించి పెద్ద లొల్లి. మూడో రోజు అదే లొల్లి, మధ్యలో చాయ్. నెల తిరిగేసరికి, తనకూ నడుము నొప్పేనని రామ్‌చందర్ రెండో కుర్చీ వేసుకున్నాడు. మూడు నెలలకు సేటు ఎవరి చెయ్యీ పట్టకుండా గద్దె మీంచి లేచాడు. మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, హమాలీలను పిలిచి మరీ చూపించాడు. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

మళ్లీ పరీక్ష చేసిన డాక్టరు, "మంచిగైంది సేటు, ఇగ రోజు కూసోవాల్సిన పనిలేదు," అన్నాడు.

మర్నాడు పదకొండింటికి సేటు సందు దాటాడు.

"ఏమన్నడు డాక్టర్?" అడిగాడు రామ్‌చందర్. ఆ ముఖంలో నిజంగానే దిగులు.

"ఏమంటడు? ఎముకలు ఇంక మెత్తగనే ఉన్నయంట."

"మంచిదాయె," అంటూ రామ్‌చందర్ కుర్చీని ఎండలోకి జరిపాడు.