తొట్టిలో బంతిపూలు

పోయిన బహుళ తదియనాడు, పొద్దెక్కాక, మా తమ్ముడు పోయాడు. ఈ ఏడు కాలువ ఊళ్ళ మీద పడ్డ జ్వరమే వాణ్ణీ తీసుకుపోయింది. అయిదు రోజులే.

నరసాపురం కాలువ పక్కన వాణ్ణి అందరూ ఇంజను మేస్త్రిగారనేవారు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. నా చంకలో పెరిగాడు. తరవాత నా పసుపు కుంకుమలు పోయి, నేనే వాడింటికి వచ్చి చేరాను. మా పెరటికీ బియ్యం మిల్లుకీ మధ్య ఒక తడిక అడ్డం, అంతే.

మిల్లు షావుకారుగారు కిరసనాయిలు ఇంజను తెప్పించిన నాటినుంచి నాకు భయం పట్టుకుంది. దాని లోపల మంట, ఆ మంట చుట్టూ నీళ్ళు. ఆ నీళ్ళు తిరగడం ఆగితే ఏమవుతుందో వాడే చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. జపం చేసుకుంటున్నా నా చెవి దాని టపటపల మీదే ఉండేది. చప్పుడు తడబడితే చేతిలో పూస ముందుకు కదిలేది కాదు.

ఇంజను పక్కన దిమ్మ మీద పెద్ద ఇనప తొట్టి ఉంటుంది. అడుగునుంచి ఒక గొట్టం చన్నీళ్ళను ఇంజనుకు ఇస్తుంది. కాగిన నీళ్ళు పై గొట్టంలోంచి తిరిగి తొట్టిలోకి వస్తాయి. ఏ పని మొదలుపెట్టినా వాడు ముందు ఆ రెండు గొట్టాలనూ చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు, పసిపిల్లవాడి నుదురు చూసినట్టు. అతుకుల కింద పొడి బూడిద చల్లి ఉంచేవాడు. నీటిబొట్టు కారితే బూడిద చెబుతుందట. వరదరోజుల్లో ఎర్రనీళ్ళను కడవల్లోనే నిలవబెట్టి, మనం తాగే నీళ్ళకు అరగదీసినట్టే చిల్లగింజ అరగదీయించి, తేరాకే తొట్టిలో పోయించేవాడు. షావుకారుగారు నవ్వేవారు. ఒండ్రు లోపల పేరుకుంటే ఇనుముకు నీళ్ళు అందవండి, అని వాడు ఓపిగ్గా చెప్పేవాడు.

“ముందు ముట్టుకు చూడాలక్కా. విప్పడం తరవాత,” అనేవాడు.

పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే అంతా సవ్యమే. నీళ్ళు తగ్గి పై గొట్టం మూతికన్న కిందికి దిగితే తిరగడం మానేస్తాయి, పోస్తే సరి. ఇంజను కుతకుతలాడుతున్నా తొట్టి మాత్రం చల్లగా ఉందంటే ఎక్కడో దారి మూసుకుపోయినట్టు. తనకు భయం వేసేది దానికొక్కదానికే అన్నాడు. వాడి నోట భయమన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఏడేళ్ళ కిందటి దసరా. ఇంజనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేశారు. ముత్తయిదువలు హారతి ఇచ్చారు. నేను ఆ దరిదాపుల్లో కనబడకూడదు కదా. తడిక సందులోంచి చూశాను. అందరూ భోజనాలకు వెళ్ళాక మా పెరటి బంతిపూలు ఒడిలో పోసుకుని వెళ్ళాను. మంటకు దణ్ణం పెట్టడానికి ధైర్యం చాలలేదు. నీళ్ళయితే గోదావరివే, మా తమ్ముణ్ణి కాచేవీ అవే. రేవులో వదిలినట్టు పూలు రేకులుగా తుంపి, అక్షింతలతో తొట్టిలో వదిలి, వాడి పేరు చెప్పుకుని వచ్చేశాను. ఎవరూ చూడలేదు.

మర్నాడు జాముపొద్దెక్కేసరికి చప్పుడు మారింది. తడిక దగ్గరికి పరుగెత్తాను. పై గొట్టం ఆవిరి కక్కుతోంది. బియ్యం చెరిగే ఆడవాళ్ళందరినీ వాడు బయటికి పంపేశాడు. నూనె ఆపాడు. తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. వాడి ముఖం చూశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని నాకు అర్థమైంది.

“చూస్తూ నుంచున్నావేంటయ్యా మేస్త్రీ? కడవలు తెప్పించి దాని మీద పోయించు,” అన్నారు షావుకారుగారు.

“వద్దండి. ఇప్పుడు చన్నీళ్ళు తగిల్తే పోత ఇనుము నిలువునా పగిలిపోద్దండి. చల్లారనివ్వండి.”

“పగిలితే నువ్వుండవు ఇక్కడ.”

“అలాగేనండి,” అన్నాడు. అని, కడవలకూ ఇంజనుకూ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు. ఆవిరి వాడి వీపు వెనకే. నాకు తెలిసిన నామాలన్నీ ఆ కాసేపట్లో మరిచిపోయాను.

ఇనుము చల్లారాక తొట్టి ఖాళీ చేసి, కింది గొట్టంలో వెదురుపుల్ల దూర్చాడు. భోజనానికి వచ్చినప్పుడు తువాలు కొస విప్పి చూపించాడు. నానిపోయిన రేకులు, ఉబ్బిన అక్షింతలు.

“మన పెరటివేనా అక్కా?”

నీ కోసమేరా అన్నాను.

“తెలుసు. ఈసారి దిమ్మ మీద పెట్టు. అది నీళ్ళే తాగుద్ది, పూలు తినదు,” అని కంచం ముందు కూర్చున్నాడు.

షావుకారుగారితో మాత్రం కాలువ చెత్త అని చెప్పాడు. గొట్టం మూతికి గుడ్డ కట్టడం తానే మరిచానన్నాడు. నలుగురిలో తిట్లు తిన్నాడు. దసరానాడు విధవ చెయ్యి తగిలిందంటే నన్నేమంటారో వాడికి తెలుసు. నాకూ తెలుసు. అందుకే నోరు మెదపలేదు.

జ్వరం నాలుగోనాడు నుదురు నిప్పులా ఉంది. పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. కాగే ఇంజను, చల్లటి తొట్టి గుర్తొచ్చాయి.

“కాళ్ళెలా ఉన్నాయక్కా?”

“వెచ్చగానే ఉన్నాయిరా.”

వాడు నన్నే చూసి, కొంచెం నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళు మంచిమాటలే అన్నారు. ఎంత పనిమంతుడండీ, ఆ ఒక్కసారి తప్ప ఏనాడూ ఏమరలేదు, అన్నారు. ముగ్గురో నలుగురో అదే మాట. ఆ ఒక్కసారి కూడా వాడు ఏమరలేదు. ఆ తప్పు నాది. మీరందరూ చదువుతారనే ఈ పత్రికకు రాస్తున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు, పట్టపగలే, అందరూ చూస్తుండగా మిల్లులోకి వెళ్ళాను. కాకినాడనుంచి వచ్చిన కొత్త మేస్త్రి ఏం కావాలండి అని అడిగాడు. ఏం లేదు నాయనా అని కింది గొట్టం మీద చేతి వెనకవైపు ఆనించాను. చల్లగా ఉంది. పైది కాలింది. ఇంజను తడబడకుండా కొట్టుకుంటోంది. కొంగులో ఒక్క బంతిపువ్వు ఉంది. తొట్టి అంచుదాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని, పువ్వును దిమ్మ మీద పెట్టాను. ఇంజను అదురుకు అది అక్కడే సన్నగా వణుకుతూ ఉంది.