పిలిస్తే వచ్చిన సుక్కి

మా చిన్నప్పుడు... లాల్‌దర్వాజాలో మా కొట్టం నిండా బర్రెలే. ఇరవై నల్లటి వీపుల నడుమ ఒకే ఒక్క తెల్లావు. ఆ తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ఎవరో కుంకుమ నీళ్లు చేత్తో చిలకరించినట్టు...

దాని పేరు సుక్కి. పెట్టింది నేనే. నల్లమల అడవి పక్కన అమ్రాబాద్ నుంచి పట్నానికి ఎడ్లను తోలుకొచ్చినవాళ్లు, గిట్టలు పుండై నడవలేకపోయిన ఒక పసిదూడను మా బాపుకు వదిలేసి పోయారు. బర్రెపాలలో వేళ్లు ముంచి, నోట్లో పెట్టి సాకాను. పొడ తూర్పు జాతి అంటారు. పొడలంటే ఆ మచ్చలే.

అది ఈడుకొచ్చింది. పక్క కొట్టం మల్లేశం కాక మా బాపును చూసి నవ్వాడు.

"రెండు శేర్ల పాలు గూడ ఇయ్యని జాతికి గింత ముద్దేందన్నా? పశువుల దవాఖానకు తోల్కపోయి జెర్సీ సూది ఏపియ్యి. పుట్టేదన్న బిందె నింపుతది."

"జాతి చెడగొట్టినోడు అనిపించుకోను మల్లేశం. దీనికి దీని కోడెనే గావాలె."

"గా కోడె యాడుంది?"

"అమ్రాబాద్‌ల."

"గంత దూరం నడిపిస్తవా?"

"నడిచే వచ్చింది గద."

ఆరు రోజులు నడిచాం... నన్నెందుకు తీసుకెళ్లాడంటే, బాపు తాడు పట్టి లాగితే సుక్కి మా గల్లీ మలుపులోనే కూలబడింది. నేను ముందు నడిస్తేనే లేచింది. చాంద్రాయణగుట్ట దాటాక ఇళ్లు పలచబడ్డాయి. కాళ్లకు చెప్పుల్లేవు నాకు. అయిదో రోజు కొండలు కనబడ్డాయి. సుక్కి ఆగి, ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. తరవాత నన్ను దాటి ముందుకు నడిచింది... అక్కడిదాకా దారి చూపింది నేను, అక్కణ్నుంచి అది.

అమ్రాబాద్‌లో సోమ్లా అని ఒక లంబాడ తాత. ఆయన మంద అడవిలోంచి దిగుతుంటే లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేశాను. రెండు వందల ఆవులు ఉంటాయేమో, అన్నీ మచ్చలవే, ఒకదాని మచ్చ ఇంకోదానికి లేదు. మా లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపులో కూడా నేను అంత అందం చూడలేదు.

సుక్కి ఎదకు రావాలి, కోడెతో కలవాలి, చూడి నిలవాలి. అందుకని సుక్కిని మందలోనే వదిలేసి బస్సెక్కి వచ్చేశాం. మూడు నెలలు మా కొట్టంలో దాని గుంజ ఒట్టిగా ఉంది. నేను దాని పక్కనే కూర్చుని అన్నం తినేదాన్ని...

మళ్లీ వెళ్లినప్పుడు సోమ్లా తాత ఒకటే మాట చెప్పాడు.

"పట్టి ఇచ్చే రివాజు మాకు లేదు. మంద దొడ్డికి మళ్లేటప్పుడు పిలువు. వస్తే నీది. రాకుంటే గది అడవిది."

మా బాపు బర్రెల మనిషి. తవుడు బకెట్టు మీద రెండు దెబ్బలు కొడితే మా బర్రెలన్నీ మెడలు చాపేవి. ఆ నమ్మకంతో పట్నం నుంచి తవుడు మోసుకొచ్చాడు. బకెట్టు మోగించాడు... వాసనకు మంద మొత్తం మీదికొచ్చింది. బాపు ఒక దిక్కు, బకెట్టు ఒక దిక్కు, తలపాగా ఒక దిక్కు.

సోమ్లా తాత కడుపు పట్టుకుని నవ్వాడు. "గిట్ల పిలిస్తే మా ముసల్ది గూడ ఉరికొస్తది పటేలా."

నాకు నవ్వు రాలేదు. దుమ్ములో ఏది సుక్కో తెలియలేదు. అదిలించి మళ్లిస్తే సగం మంద అప్పుడే దొడ్డిలోకి వెళ్లిపోయింది. బాపు లేచి దుమ్ము దులుపుకుని నా దిక్కు చూశాడు.

"నువ్వు పిలువు బిడ్డా."

రాకపోతే ఒట్టి తాడుతో ఇంటికి పోవాలి. గట్టిగా అరవలేకపోయాను. పాలవేళ్లు నోట్లో పెట్టేటప్పుడు ఎట్లా పిలిచేదాన్నో అట్లానే, మెల్లగా... "సుక్కీ..."

మంద నడుమ ఒక తల లేచింది.

తక్కినవన్నీ దొడ్డి దిక్కు పోతుంటే అదొక్కటే ఎదురు తిరిగి, ఆవులను పక్కకు నెట్టుకుంటూ వచ్చింది. మెడలో తాడు లేదు. చూడి నిలిచి ఒళ్లు నిండుగా ఉంది. తవుడు వైపు చూడనైనా చూడలేదు. వచ్చి నా వేళ్లు నోట్లోకి తీసుకుంది...

ఇన్నేళ్లు బతికాను, అట్లాంటిది మళ్లీ చూడలేదు. సోమ్లా తాత నవ్వు ఆపేశాడు. "తోల్కపో బిడ్డా. మల్ల కోడె గావాల్నంటే మల్ల రా," అన్నాడు.

మళ్లీ మళ్లీ వెళ్లాం. పెళ్లయి నేను పక్క గల్లీకి వస్తే సుక్కి నా వెనకే వచ్చింది. దాని బిడ్డలు, బిడ్డల బిడ్డలు... అందరికీ సుక్కి పేరే పెట్టాను. ప్రతిసారీ అమ్రాబాద్ కోడే. మొదట్లో నడిపించి, తరవాత లారీలో.

ఈసారి వెళితే దొడ్డి ఖాళీ. మంద అమ్మేసి సోమ్లా తాత మనవడు ఆటో నడుపుకుంటున్నాడు. ఇంటికి రాగానే నా కొడుకు అందుకున్నాడు.

"ఇగ జిద్దు ఇడిసిపెట్టమ్మా. సూది ఏపిద్దాం."

"నీ పేరు నా ఇష్టమున్నట్టు మారుస్తే ఊకుంటవారా? నేనుండంగ దాని జాతి మార్చనియ్య," అన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో రోజూ ఇదే లొల్లి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. ఇక్కడ చెబితే నలుగురూ చూస్తారట, వాళ్ల జ్ఞాపకాలూ చెబుతారట. చెప్పండి... మీ ఇంట్లో పేరు పెట్టి పిలిస్తే పలికిన గొడ్డు ఏదైనా ఉంటే దాని పేరు రాయండి, చదివించుకుని వింటాను. కానీ అంతకంటే ముందు, పొడ తూర్పు కోడె ఏ ఊళ్లో ఎవరి దొడ్డిలో ఉందో ఒక్క మాట చెప్పండి.

అప్పుడు రెండు వందల మచ్చల్లో మా ఒక్కదాన్ని వెతుక్కున్నాం. ఇప్పుడు మా ఒక్కదాని కోసం ఒక్క కోడె దొరకడం లేదు...

ఎంత దూరమైనా సరే. లారీ దొరక్కపోయినా సరే. సుక్కి నడుస్తుంది. ముందు నడవడానికి నేనింకా ఉన్నాను.