లోపలి గదికి మూడు కొటేషన్లు

మా ఆయన పటాన్‌చెరులో మోటార్లు చేసే ఒక కంపెనీలో, పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. ఆ సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. గుండుసూది కొనాలన్నా మూడు దుకాణాల నుంచి మూడు కొటేషన్లు తెప్పించాలి. ఆ మూడింటినీ ఒక కాగితం మీద గడులు గీసి పక్కపక్కన రాయాలి. దాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. అందరికంటే తక్కువ రేటు రాసినవాడు ఎల్-వన్. ఆర్డరు వాడికే. వాడికి ఎందుకు ఇవ్వలేదని పైవాళ్ళు అడిగితే జవాబు రాసివ్వాలి కాబట్టి ఎవరూ ఆ తలనొప్పి పెట్టుకోరు. కళ్ళు మూసుకుని ఎల్-వన్‌కే ఇచ్చేస్తారు.

కంపెనీలో ఏమన్నా చేసుకోనీ, నాకేం? దాన్ని ఇంటికి తెచ్చాడు చూడండి, అదీ నా ఏడుపు. గ్రైండరుకు మూడు కొటేషన్లు. గోడల సున్నానికి మూడు. ఆఖరికి పిల్లకు చెవులు కుట్టించడానికి కూడా ముగ్గురు కంసాలుల దగ్గరికి తిరిగొచ్చాడు. ఆ ఎల్-వన్ గ్రైండరు మినప్పప్పు వేస్తే తిరిగేది కాదు. పప్పు తీసేస్తే బ్రహ్మాండంగా తిరిగేది. "తిరుగుతున్నది గదనే" అని దాన్ని వెనకేసుకొచ్చేవాడు.

పిల్లలు పార్కు పార్కు అని మా ప్రాణాలు తోడేస్తున్న రోజులవి. హైదరాబాదుకు అవతలి కొసన ఎకరాలకు ఎకరాల్లో పెద్ద పార్కు పెట్టారు. రాట్నాలు, నీళ్ళ జారుడుబండలు, ఉత్తుత్తి కోటలు. మా గల్లీలో ప్రతి వారం ఎవరో ఒకరు వెళ్ళొచ్చి కథలు కథలుగా చెప్పేవాళ్ళు. మేమున్నది నగరానికి ఇవతలి కొస. పోవాలంటేనే రెండు బస్సులు మారాలి, మూడు గంటలు పడుతుంది. పొద్దున పోయి రాత్రికి తిరిగి రావడం పిల్లలతో అయ్యే పని కాదు. ఎక్కడో ఒకచోట పడుకోవాల్సిందే.

ఆ పార్కు వాళ్ళ కరపత్రం ఒకటి మా అమ్మాయి బడి నుంచి తెచ్చింది. ఒకవైపు ఆటల బొమ్మలు. పిల్లలు అటు చూశారు. రెండోవైపు పార్కు లోపలే ఉన్న హోటలు గది బొమ్మ. నేను ఇటు చూశాను. తెల్లటి దుప్పటి పరిచిన మంచం, పక్కన చిన్న బల్ల, బల్ల మీద ట్రేలో చాయ్. పొద్దున చాయ్ మీ గదికే వస్తుందని కింద ఒక ముక్క రాశారు.

నవ్వేవాళ్ళు నవ్వండి. మా దగ్గర బోరునీళ్ళు పసుపు కలిపినట్టు ఉండేవి, నోట్లో పోసుకుంటే అదో రకం వాసన. తాగడానికీ వంటకూ మంజీర నల్లానే దిక్కు. ఆ నల్లా తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చి ఐదున్నరకు పోయేది. జ్వరమొచ్చినా, పండుగొచ్చినా నల్లా నా కోసం ఆగదు. పుట్టింటికి పోయి పడుకుందామంటే అక్కడ బర్రెలు నాలుగింటికే పిలుస్తాయి. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను పొద్దెక్కి లేచింది రెండేసార్లు. రెండూ కాన్పులే.

అందుకని దాపరికం లేకుండా చెప్పేశాను. "నాకు ఆటలొద్దు, కోటలొద్దు. ఒక్క రాత్రి ఆ లోపలి గదిల పండుకుంట. పొద్దున నన్ను ఎవ్వలు లేపొద్దు. ఎవరో చాయ్ చేసి తెచ్చి నా చేతికియ్యాలె. గంతే."

"గంతేనా?" అన్నాడు మా ఆయన. ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడనుకున్నారు! అంటూనే లేచి వెళ్ళి స్కేలు, పెన్సిలు తెచ్చుకున్నాడు.

నాలుగు రోజులు పట్టింది ఆ స్టేట్‌మెంటు. ఆఫీసు నుంచి పార్కుకు ఫోన్ చేసి రేటు కనుక్కున్నాడు. మొదటి గడి, లోపలి హోటలు: ఒక రాత్రికి పద్దెనిమిది వందలు. రెండో గడి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లాడ్జి: మూడు వందల యాభై, ఆటో ఖర్చు వేరే. లాడ్జిలో దిగే ఉద్దేశం ఆయనకు ఏ కోశానా లేదు. కొటేషన్లు మూడుండాలి కాబట్టి అది ఉంది. మూడో గడి, ఎల్.బి. నగర్‌లో వాళ్ళ అక్క ఇల్లు. కిరాయి దగ్గర సున్న, తిండి దగ్గర సున్న. అడుగున ఒక పెద్ద సున్న చుట్టి, దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు.

"ఎల్-వన్" అన్నాడు.

"నా నిద్ర ఏ గడిల రాసినవు?" అన్నాను.

"నిద్ర ఏడైనా నిద్రనే గదా. కండ్లు మూసుకుంటే అన్నీ ఒకటే."

ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టేదాన్నే, కానీ ఆయన ఇంకో మాట అన్నాడు. "అక్క ఉండంగ పైసలిచ్చి రూముల పండుకున్నమంటే రేపు ఏ ముఖం పెట్టుకోని పోవాలె?" మా వైపు అది అంతే. ఊళ్ళో అయినవాళ్ళ ఇల్లుండగా బయట గది తీసుకున్నారంటే వాళ్ళతో తగువు పడ్డట్టు లెక్క. అటువైపు చుట్టాలందరికీ వారం తిరక్కముందే తెలిసిపోతుంది. గడప తొక్కక ఎన్నాళ్ళయిందని ఆరాలు మొదలవుతాయి.

సరే, అక్క ఇంటికే. చేతులూపుకుంటూ పోతామా? వదినకు చీర. వాళ్ళాయనకు షర్టు గుడ్డ. వాళ్ళ ఇద్దరు పిల్లలకూ బట్టలు, రెండు కిలోల మిఠాయి. మా చేను కందులు ఐదు కిలోలు, బెల్లం అచ్చులు. "ఇవి ఏ గడిల రాస్తవయ్యా?" అంటే, "అక్కకు పెట్టేది ఖర్చెట్లయితది?" అని నా మీదే ఎగిరాడు. కందుల సంచి రెండు బస్సుల్లో మోసింది ఎవరో వేరే చెప్పాలా?

శనివారం సాయంత్రం చేరుకున్నాం. మా వదిన చెడ్డ మనిషి కాదు. అదే నా కష్టం. చెడ్డదైతే నేనూ ఒక మాట అని చేతులు దులుపుకునేదాన్ని. గడపలోనే నా చెయ్యి పట్టుకుంది. "నీ చేతి సర్వపిండి తినక ఎన్ని దినాలైతున్నది పిల్లా!" అంది. ఇంకేముంది, చీర కొంగు బిగించి ఎనిమిది మందికి సర్వపిండి కాల్చాను. మా ఆయన మూడు తిని, "సూసినవా, హోటల్ల గిట్లాంటి తిండి దొరుకుతదా?" అన్నాడు. చేతిలో అట్లకాడ ఉంది. దేవుడున్నాడు కాబట్టి ఊరుకున్నాను.

హాల్లో చాప వేశారు. నలుగురు పిల్లల మధ్య, ఫ్రిజ్ మోతలో ఎప్పుడో కళ్ళు మూతపడ్డాయి. అంతలోనే ఎవరో భుజం పట్టి కుదుపుతున్నారు.

"లే పిల్లా, జర బిందెలు పట్టుదాం. మా దిక్కు నల్లా నాలుగింటికే వస్తది."

నాలుగింటికి! మా ఇంటి దగ్గర నాలుగున్నర. నేను రెండు బస్సులెక్కి వచ్చి, చీరా కందులూ పెట్టి, నా నిద్రలో ఇంకో అరగంట పోగొట్టుకున్నాను. బిందె నల్లా కింద పెట్టి నిలబడితే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి వదిన, "ఏందే గంత సంబురం, పార్కుకు పోతున్నవనా?" అంది.

పార్కుకు మేం నలుగురం కాదు, ఏడుగురం బయల్దేరాం. మేనమామ వచ్చి పిల్లల్ని పార్కుకు తీసుకుపోతుంటే వాళ్ళ పిల్లలు ఇంట్లో ఉంటారా? వాళ్ళను చూసుకోవడానికి వాళ్ళ నాన్న. మేనమామ ఉండగా టికెట్టు డబ్బులు వేరేవాళ్ళు ఇస్తారా? గేటు దగ్గర నోట్లు లెక్కపెడుతుంటే మా ఆయన ముఖం చూడాల్సింది. ఆ గడి ఆయన స్టేట్‌మెంటులో లేదు. ఇంట్లోంచి కదులుతుండగానే వదిన ఇంకోటి చెప్పింది. "ఆరు కల్లా జల్దీ వచ్చేయుండ్రి. మా తోడికోడండ్లను బువ్వకు పిలిచిన. బగారన్నం నువ్వే చెయ్యాలె పిల్లా, నీ చేతిది అంటే వాళ్ళకు పాణం."

పార్కు ఎలా ఉందంటారా? నాకేం తెలుసు. నేను చూసిన పార్కు ఆరు జతల చెప్పులు. వాళ్ళు నీళ్ళలోకి దిగితే చెప్పులూ చొక్కాలూ నా ఒళ్ళో. రాట్నం ఎక్కితే వాచీలు, కళ్ళజోడు నా ఒళ్ళో.

నాలుగు గంటలకు మా అబ్బాయి దాహమన్నాడు. దగ్గర్లో ఒక పెద్ద అద్దాల తలుపు కనిపిస్తే వాణ్ణి తీసుకుని లోపలికి పోయాను. అదే ఆ హోటలు. చల్లటి హాలు, మెత్తటి సోఫా. కరపత్రంలో ఉన్న గది పైన ఎక్కడో ఉంటుంది కదా అనుకున్నాను. వాడికి నీళ్ళు తాగించి ఒక్క నిమిషం కూర్చున్నాను. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

వెతుక్కుంటూ మా ఆయన వచ్చాడు. వెనకే అన్నయ్య, అదే మా వదిన భర్త, మిగతా పిల్లలతో. "నడువు నడువు, టైమైంది. అక్క ఎదురుసూస్తది" అన్నాడు మా ఆయన.

"మీరు పోండ్రి. నేను రాను."

"ఏమన్న నొస్తున్నదా?"

"ఏం నొస్తలేదు. నేను గీడికెల్లి లెవ్వ. రూము తీస్తే తియ్యి, లేకపోతే గీ సోఫల్నే పండుకుంట. ఎవడొచ్చి లేపుతడో సూస్త."

గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, కౌంటరు దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. ఏడుస్తానేమో అని మా ఆయన భయపడ్డాడు కానీ నాకు ఏడుపు దాటిపోయింది. పన్నెండేళ్ళ నిద్ర ఒక్కసారి మీద పడ్డట్టుంది. ఆయన నా ముందు నిలబడి ఒకసారి వాచీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అక్కకు ఏం చెప్పాలన్నదే ఆయన బాధ.

అన్నయ్యే కలగజేసుకున్నాడు. "నీకు దండం పెడ్త బామ్మర్దీ, రూము తీస్కో. మీ అక్కకు నేను జెప్త" అని తన పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనది మామూలు ధైర్యం కాదు. వదిన మాతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఆయనకు ఇంట్లో ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా ఆయన కౌంటరు దగ్గర ఏమన్నా తగ్గుతుందా అని రెండుసార్లు అడిగాడు. ఒక్కటే కొటేషను. ఆయన జీవితంలో అలా కొన్నది అదొక్కటే అనుకుంటాను. ఇంకో బేరం లేకుండా లోపలి జేబులోంచి తీసి ఇచ్చాడు.

గది అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. తెల్లటి దుప్పటి మీద పడుకుని ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. పిల్లలు ఏం తిన్నారో కూడా ఆ రోజు అడగలేదు.

మెలకువ వచ్చింది. గోడ గడియారం చూశాను. నాలుగున్నర.

ఎవరూ లేపలేదు. నా ఒళ్ళే లేపింది. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పద్దెనిమిది వందలు! బాత్‌రూములోకి పోయి ఊరికే నల్లా తిప్పాను. నీళ్ళొచ్చాయి. కట్టేసి మళ్ళీ తిప్పాను. మళ్ళీ వచ్చాయి.

"ఏమైందే?" మంచం మీంచి మా ఆయన.

"నీళ్ళొస్తున్నయి."

"వస్తయి మరి. పండుకో."

పడుకున్నాను. నిద్ర కాదు, పంతం. కళ్ళు తెరుచుకుని, పైకప్పు చూస్తూ, ఏడింటిదాకా లేవకుండా పడుకున్నాను.

ఏడింటికి తలుపు తట్టారు. చాయ్! ఒకతను ట్రే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లేచి కూర్చుని చూద్దును కదా, ఒక జగ్గులో వేడినీళ్ళు, ఇంకోదాంట్లో పాలు, గిన్నెలో చక్కెర, దారాలు కట్టిన చాయ్‌పత్తి పొట్లాలు, నాలుగు ఖాళీ కప్పులు. చాయ్ తప్ప అన్నీ ఉన్నాయి. చాయ్ మనమే కలుపుకోవాలట. మా ఆయన, అమ్మాయి, అబ్బాయి ట్రే చుట్టూ చేరారు. ముగ్గురూ తలలు తిప్పి నా వైపు చూశారు.

"అమ్మా, చాయ్ కలుపవా?" అంది మా అమ్మాయి.

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. "మీ అమ్మ ఇంకా లెవ్వలే" అన్నాను లోపల్నుంచి.

తరవాత కప్పులు కదిలాయి. "దీనికి దారమెందుకుంటది?" అని ఆయన తనలో తనే అనుకున్నాడు. ఏదో ఒలికింది. అమ్మాయి కిసుక్కుమంది. చెంచా తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది.

"ఏమే, నీకు చక్కెర ఎన్ని చెంచాలు?"

చూశారా! పన్నెండేళ్ళ కాపురం. ఏ దుకాణంలో ఏ బోల్టు ఎంతో నిద్రలో లేపినా చెప్పే మనిషి. దుప్పటి తీసి నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. తెరిచాక చూస్తే చెప్పడానికి నా దగ్గరా లెక్క లేదు. ఆయనకు రెండున్నర, అబ్బాయికి మూడు, పాలు తాగే అమ్మాయికి ఒకటి, అవన్నీ తెలుసు. వాళ్ళందరికీ పోశాక గిన్నె అడుగున ఏది మిగిలితే అది నేను తాగేదాన్ని. నాకెంత కావాలో ఎవరూ అడగలేదు. నేనూ ఎప్పుడూ నన్ను అడుక్కోలేదు.

"ఒకటెయ్యి" అన్నాను, నోటికి వచ్చింది.

తెచ్చి నా చేతికిచ్చాడు. చల్లారిపోయింది, రంగు లేదు, పాలు ఎక్కువ. ఒక గుటక తాగాను. ఆయన మంచం పక్కనే నిలబడి చెంచా పట్టుకుని చూస్తున్నాడు.

"సరిపోయిందా?"

"ఇంకో సగం ఎయ్యి."

వేసి కలిపాడు. తాగాను. సరిపోయింది. నాకు ఒకటిన్నర చెంచా అని, ముప్పై నాలుగేళ్ళ వయసులో నాకు తెలిసింది.