మట్టి కప్పుకున్న ద్రాక్ష

అనంతపురంలో ఇరవై ఏళ్లుగా ద్రాక్ష పండిస్తున్నాను. ద్రాక్ష గురించి నాకు తెలియని సంగతి చెప్పింది మాత్రం దిండిలో, గోదావరి మీద పడవలో పక్కన కూర్చున్న రాజోలు డాక్టరమ్మ. మా అమ్మాయి వయసు ఉంటుంది. చైనాలో చదువుకుని వచ్చిందట. ఇద్దరం కొబ్బరి బొండాలు తాగుతున్నాం.

"మేం చదివిన ఊరి చుట్టూ వైను కోసం వేసిన ద్రాక్షతోటలేనండి. చలికి తీగలు చచ్చిపోతాయని, శీతాకాలం ముందే ఒక్కోదాన్నీ నేలకి వంచి మట్టి కప్పేస్తారు. ఎండలొచ్చాక మళ్లీ తవ్వి లేపుతారు," అంది.

"ఏటా అంతేనా?"

"ఆయ్. ప్రతి మొక్కనీనండి."

పందిరి మీది తీగను నేలకు తాకనివ్వని మనిషిని నేను.

"అంత కష్టపడి చేసిన వైను ఎట్లా తాగుతారమ్మా?" అన్నాను.

"ఇదివరకు విందుల్లో జొన్నసారా పోసేవారటండి. పెద్దవాళ్లు గ్లాసెత్తితే ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యాల్సిందేనని మా ప్రొఫెసరు గారు చెప్పేరు. ఇప్పుడు వాళ్లింట్లో ఎవరికి కావాల్సినంత వైను వాళ్లే పోసుకుని, నింపాదిగా తాగుతారు. బలవంతం లేదు. ఒక్క మర్యాద మాత్రం మిగిలింది బాబాయ్ గారూ. గ్లాసులు తాకించేటప్పుడు, గౌరవించేవాళ్ల గ్లాసు కంటే మనది కిందకుండాలి."

అలా అంటూనే తన బొండాన్ని నా బొండం అంచుకు కాస్త కిందగా తెచ్చింది.

నేను ఆ తోటలవాళ్లను తలచుకుని, నా బొండాన్ని పడవ చెక్కకు ఆనేదాకా దించాను.