తీగ తీసినా కదిలిన ముల్లు

ఒక విద్యార్థిని ప్రాజెక్టు పుస్తకంలో నా సంతకం పైన "కారణం తెలియదు" అన్న మాట ఉన్నది. దానిని పదిమందీ చిలవలు పలవలుగా చెప్పుకొనక మునుపే, జరిగినది జరిగినట్లు వ్రాయవలసిన బాధ్యత నాది. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నేటికీ నమ్మను.

ఉద్యోగ విరమణ తరువాత మార్కాపురం దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాలలో మైక్రోవేవ్ పాఠం చెప్పేవాడిని. ఆ సర్క్యూట్లలో ట్రాన్సిస్టరును, విలువ మార్చుకొనే రెసిస్టరుగా భావించి లెక్క కట్టవచ్చు. దాని గేటుకు ఇచ్చే వోల్టేజి కుళాయి పిడి వంటిది. పిడిని బట్టి లోపలి దారి వెడల్పవుతుంది, ఇరుకవుతుంది.

ఈ పోలిక చెప్పిననాడు, కొమరోలు వైపు పల్లె నుంచి వచ్చే సుజాత లేచింది. ఆమె తండ్రి ఊరికి బోరు నీళ్ళు వదిలే మనిషి.

"మా నాయన ఒకేతూరి తిప్పడు సార్. సగం తిప్పి ఆగుతాడు. రోంత ఎనక్కి తిప్పి, ఆనక మొత్తం వదుల్తాడు. లేకుంటే పైపు పగుల్తాదంట."

"అయితే ట్రాన్సిస్టరు తిప్పనీకి మీ నాయన్నే పిలిపిద్దాం లేమ్మే!" అన్నాడు వెనక బెంచీవాడు. బల్ల మీద కొట్టి నవ్వులు ఆపాను.

పరీక్షలకు ముందు సుజాత తండ్రి గుండె ఆగి మరణించాడు. భూస్థాపన ముగించుకొని సుజాత ల్యాబుకు వచ్చింది. మరునాడే పరీక్షాధికారి రాక. ప్రాజెక్టులో ట్రాన్సిస్టరు కొలతల గ్రాఫు లేకపోతే ఆమె డిగ్రీ ఆగిపోతుంది.

పట్టపగలు. మొదటి కొలత కోసం గేటుకు వోల్టేజి ఇచ్చే తీగ తీసివేసి, గేటును ట్రాన్సిస్టరు మరో కాలైన సోర్సుకు అతికించాము. ఆ రకం ట్రాన్సిస్టరులో అట్లా చేస్తే దారి పూర్తిగా తెరుచుకొని, కరెంటు చూపే మీటరు ముల్లు పైననే నిలవాలి. అది సున్నాకు పడింది. సగం లేచి ఆగింది. కొంచెం వెనక్కి వచ్చింది. ఆ తరువాత పూర్తిగా లేచింది. మళ్ళీ సున్నా, మళ్ళీ అదే వరుస.

"ఆయుధపూజకు పసుపు కుంకం పెట్టనిస్తిరా మీరు? అలిగింది సార్ అది," అన్నాడు అటెండరు సుబ్బయ్య.

కసిరాను. అతుకులు తిరిగి వేయించాను. ట్రాన్సిస్టరు మార్పించాను, మీటరూ మార్పించాను. వరుస మారలేదు.

సుజాత బల్ల మీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నది: "చాలు నాయనా. నీళ్ళు వచ్చినాయి."

ముల్లు పైకి పోయి నిలిచింది. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను. సుబ్బయ్య చూశాడు.

ఆ వెనుక గ్రాఫు సజావుగా వచ్చింది. "ఇందాకటి దానికి ఏం రాయమంటారు సార్?" అని ఆమె అడిగింది. కారణం చెప్పలేని ప్రతి కొలతనూ కొట్టివేస్తూ వచ్చినవాడిని. "కారణం తెలియదు" అని నేనే వ్రాసి సంతకం చేశాను. పరీక్షాధికారి ఆ పుటనూ, నా నెరిసిన తలనూ చూసి చిరునవ్వు నవ్వి, ఆమెకు మార్కులు వేశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

అతుకులోనో, అమరికలోనో, నా బుద్ధిలోనో తప్పు ఉండి ఉండవచ్చు. నాకు నేటికీ అది దొరకలేదు. తెలిసినవారు సరిదిద్దగలరని ప్రార్థన. అయితే ఆ తప్పేదో నాకు చెప్పండి. సుజాతకు చెప్పకండి.