మేత వేయని ప్లేటు

నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రి ల్యాబులో నేను టెక్నీషియన్ని. చదివింది ఇంటర్, ఆపైన ఒక డిప్లొమా. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. సూక్ష్మజీవుల మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. నేను తప్ప దాన్ని బీరువాలోంచి ఎవరూ తీసేవారు కాదు. కంటిని పాడుచేసే, ఒంటినిండా ముళ్ళుండే అమీబా గురించి అందులోనే చదివాను. అది మట్టిలో, నీళ్ళలో తన బతుకు తాను బతుకుతుంది. కన్ను గీరుకుపోతే మాత్రం లోపలికి దూరి, చుట్టూ గూడు కట్టుకుని తిష్ఠ వేస్తుంది.

అల్లూరు దగ్గర రొయ్యల గుంటల్లో పనిచేసే ఒకాయన కంట్లో బురద పడి మా దగ్గరికి వచ్చాడు. ఫంగస్ అనుకుని డాక్టరుగారు మందు వేశారు. తగ్గలేదు. నొప్పికి ఓర్చుకోలేక ఆయన బయట బెంచీ మీద తల గోడకు ఆనించి కూర్చునేవాడు.

"సార్, అమీబా అయ్యుండొచ్చా?" అని అడిగింది నేను.

డాక్టరుగారు చేస్తున్న పని ఆపారు. "అవునయ్యా, చూడాల్సిందే. ఆలస్యమైతే కన్ను దక్కదు."

ఆ వెంటనే కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అమ్మాయిని పిలిచి, "కల్చర్ నువ్వు పెట్టమ్మా, ప్లేటులో పెంచి చూద్దాం" అన్నారు.

ఆలోచన నాది, ప్లేటు ఆమెది.

కంటి మీంచి గీకిన నమూనాలో కొంచెం అడిగి తీసుకుని నేనూ ఒక ప్లేటు పెట్టాను. నా పుస్తకంలో జబ్బు గురించి ఉంది గానీ, అమీబాను పెంచే పద్ధతి లేదు. లేకపోతే ఏం? దేన్నయినా పెంచాలంటే మేత బాగా వేయాలని ఈ తీరంలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? పోషకాలు దండిగా ఉన్న అగార్ జెల్లీ పోశాను. ఆమె మాత్రం ఏ పోషకమూ లేని ఉత్త అగార్ పోసి, దాని మీద ఈ.కోలై బ్యాక్టీరియాను పల్చగా పూసి, నడిమధ్య నమూనా ఉంచి, ఎండిపోకుండా అంచు చుట్టూ టేపు అంటించింది. అమీబాను పస్తు పెట్టి చంపేస్తుందని లోలోపల నవ్వుకున్నాను.

నాలుగు రోజులు పోయాక చూస్తే నా ప్లేటంతా బ్యాక్టీరియా మీగడలా కమ్మేసి ఉంది.

"ఏందన్నా ఇది, రొయ్యలకేసినట్టు మేత కుమ్మరించినావు!" అని ఆమె పగలబడి నవ్వింది. "అమీబా తినేది బ్యాక్టీరియానే గదా. నువ్వేసిన మేతకి నమూనాలో ఉన్న బ్యాక్టీరియానే బలిసి అమీబాని కప్పేసింది."

"పుస్తకంలో అట్లా రాయలేదు."

"ఏ కాలందో ఆ పుస్తకం!"

నన్నంటే పడేవాణ్ణేమో. పుస్తకాన్ని అనేసరికి ఒళ్ళు మండిపోయింది.

ఆమె తన ప్లేటును బోర్లించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చాలాసేపు చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ముళ్ళున్నట్టే ఉండాయన్నా. గూళ్ళు కూడా కట్టుకున్నాయి. నేను కాలేజీలో ఫొటోలే చూసినాను. నువ్వు కూడా చూసి చెప్పు, సార్ మందు మార్చాల."

వంగి చూశాను. తడి ఇసుక మీద నత్తలు పాకినట్టు, బ్యాక్టీరియా పొరను తినుకుంటూ పోయిన దారులు. వాటి చివర ముళ్ళ అమీబాలు, వెనక గుండ్రటి గూళ్ళు. గాలి బుడగలేమో అని ఒక్క మాట అంటే చాలు, ఆమె మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. తలుపు సందులోంచి బెంచీ కనిపిస్తోంది. ఆయన చేత్తో కన్ను మూసుకుని కూర్చున్నాడు. మళ్ళీ వంగాను. ప్రతి గూటికీ రెండు గోడలు. బయటిది ముడతలు పడింది, లోపలిది నక్షత్రంలా మూలలు తేలింది. నా పుస్తకంలోని బొమ్మ అచ్చం అదే.

"అదే" అన్నాను.

డాక్టరుగారు వచ్చి చూసి, "భలే పెంచావమ్మా" అన్నారు. మందు మారింది. కంట్లో తెల్ల మచ్చ మిగిలింది గానీ కన్ను దక్కింది.

ఇప్పుడు కన్ను చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆయన కవరులో రొయ్యలు తెస్తాడు. "ఆ పాప ఏడన్నా? నా కన్ను నిలబెట్టింది ఆ తల్లే" అంటాడు. నేను ఆమె గది చూపిస్తాను.

మర్నాడు ఆమె ఆ రొయ్యలు వండుకొచ్చి సగం నా క్యారియర్‌లో వేస్తుంది. "తినన్నా, అమీబా అని ముందన్నది నువ్వే గదా."

కూర బాగానే ఉంటుంది. ఆ ముక్కే ఆయన ముందు ఎందుకు అనదో.